బభూథనా, బభూవనా? ఇంతకీ దిధిషు ఎవరు?

గోదావరి గట్టు: మా తాతయ్య పోయినప్పుడు రేవులో విన్న మంత్రం పదహారేళ్లుగా చెవిలో ఉండిపోయింది. పోయిన భర్త పక్కనున్న భార్యను లెమ్మనే మంత్రం అది, "ఉదీర్ష్వ నార్యభి జీవలోకం" అని మొదలు. నడుమ పోయింది, చివర "పత్యుర్జనిత్వమభి సంబభూవ" అని గుర్తు. మొన్న ఋగ్వేదం 10-18-8 తీస్తే అక్కడ "బభూథ" అని ఉంది. నేను తప్పు విన్నానా?

పాత పుస్తకాల కొట్టు: సరిగ్గానే విన్నారండీ. మీ ఇంట కర్మలు జరిపేది ఆపస్తంబ సూత్రం ప్రకారం అయ్యుంటుంది. ఆ శాఖవాళ్ల వేదభాగం తైత్తిరీయ ఆరణ్యకం. అందులోని పితృమేధ (అంత్యక్రియల) మంత్రాల్లో "గతాసుం" చోట "ఇతాసుం", "తవేదం" చోట "త్వమేతత్", చివర "బభూవ". మన వైపు ఎక్కువ ఇళ్లలో వినబడేది ఇదే.

అమరం అరుగు: పాఠభేదం అని అక్కడితో వదిలేస్తే ఎలా మాస్టారూ? అర్థమంతా ఆ ఒక్క అక్షరంలోనే ఉంది. థ-కారం మధ్యమ పురుష: "నీ చేయి పట్టినవాడికి భార్యవయ్యావు". అయిపోయిన మాట. పోయినవాడి పక్కన పడుకున్నావు, ఇక లే, బతికున్నవాళ్ల లోకానికి రా అని. "బభూవ" ప్రథమ పురుష, "త్వం" (నువ్వు)తో పొసగదు. అందుకే వేదభాష్యం రాసిన సాయణుడు దాన్ని "ప్రాప్నుహి" అని విధిగా మార్చి చెప్పాడు: భార్యాత్వాన్ని పొందు!

పాత పుస్తకాల కొట్టు: దానికి తోడు ఇంకోటి. మంత్రం నడుమ "హస్తగ్రాభస్య దిధిషోః" అని వస్తుంది. ఆ "దిధిషోః"కి సాయణుడు ఋగ్వేద భాష్యంలో "గర్భస్య నిధాతుః" అంటాడు, అంటే గర్భాన్నిచ్చినవాడు, పోయిన భర్త. ఆరణ్యక భాష్యంలో "పునర్వివాహేచ్ఛోః" అంటాడు, అంటే మళ్లీ పెళ్లాడగోరేవాడు. ఒకే ఋక్కు, సాయణుడి పేరనే రెండు భాష్యాలు. ఒకదాంట్లో చితి మీది మనిషి, ఇంకోదాంట్లో పక్కన నిలబడ్డ మనిషి.

ఓరుగల్లు వాకిలి: ఇందులో చిక్కేముంది? చిన్నప్పుడు అమరకోశంలో వల్లెవేసిందే కదా: "పునర్భూర్దిధిషూరూఢా ద్విస్తస్యా దిధిషుః పతిః". దీర్ఘం ఉంటే మారుమనువు చేసుకున్న స్త్రీ, హ్రస్వం ఉంటే ఆమె భర్త. ఋక్కులో ఉన్నది హ్రస్వం. అయిపోయింది.

అమరం అరుగు: నా పేరులోనే అమరం ఉంది, అయినా ఒప్పుకోనండీ. అమరసింహుడికీ ఈ సూక్తానికీ నడుమ వెయ్యేళ్లకు పైమాటే. వేదంలో మాటకి ధాతువు చూడాలి. పొందగోరేవాడు, వరించేవాడు అనే అర్థం మొదటి మొగుడికీ చెల్లుతుంది. "హస్తగ్రాభ" అన్నది పక్కనే ఉందిగా, పాణిగ్రహణం చేసినవాడే!

కృష్ణ ఒడ్డు: అక్షరం దగ్గర గొడవంటే దీని ముందు ఋక్కే చెప్పాలి. "ఆ రోహన్తు జనయో యోనిమగ్రే". ఈ "అగ్రే" (ముందుగా)ని "అగ్నేః" (అగ్ని యొక్క) చేసి సహగమనానికి వేదప్రమాణం అన్నారు. 1795లో ఆంగ్ల పండితుడు కోల్‌బ్రూక్ అనువాదం ఆ దారినే పోయింది. 1856లో మాక్స్ ముల్లర్ దాన్ని పురోహితుల మోసం అన్నాడు. నాకు మోసం దాకా పోనక్కర్లేదనిపిస్తుంది. ఆ ఋక్కు మొదట్లోనే "ఇమా నారీరవిధవాః" అని ఉంది, అంటే ఈ స్త్రీలు విధవలు కారు. కాటుక పెట్టుకుని, కన్నీళ్లు లేకుండా ముందు నడిచే ముత్తైదువలు వాళ్లు. అగ్ని అని చదివినా వితంతువు అందులో లేదు.

తిక్కన చదువరి: మంచి మాట. మన తిక్కన స్త్రీపర్వం గుర్తు చేసుకోండి. అన్ని వేలమంది భర్తల్ని పోగొట్టుకున్నారు, చితులన్నీ ఒక్కచోటే మండాయి, ఒక్క కోడలూ అందులోకి నడవలేదు. అందరూ గంగకి తర్పణాలకి వెళ్లారు. ఆ పర్వం చదివిన ప్రతిసారీ రెండు రోజులు ఇంకేమీ చదవలేను.

కృష్ణ ఒడ్డు: అదే తిక్కనగారి ఆశ్రమవాస పర్వం కూడా చూడండి. వ్యాసుడు చనిపోయినవాళ్లని ఒక్క రాత్రి చూపించాక ఆ స్త్రీలే గంగలో దిగి భర్తల లోకానికి పోతారు. మాద్రి సంగతి ఆదిపర్వంలో ఉండనే ఉంది. భారతం ఒకే మాట చెప్పదు.

తిక్కన చదువరి: ఒప్పుకుంటాను. కానీ ఆ గంగ దగ్గరైనా వ్యాసుడు కోరుకున్నవాళ్లనే దిగమన్నాడు.

ఓరుగల్లు వాకిలి: పరాశరుడి "నష్టే మృతే ప్రవ్రజితే" కూడా ఒక్క అక్షరం మీదే నలిగింది. భర్త పోతే మారుమనువు చేసుకోవచ్చని చెప్పడానికి విద్యాసాగరుడు ఎత్తిన శ్లోకం. చివర "పతితే పతౌ". సప్తమిలో "పత్యౌ" కావాలి కాబట్టి అది "అపతౌ" అనీ, పెళ్లి కాని వరుడి సంగతి అనీ కాదన్నవాళ్లు వాదించారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించేనాటికి ఇలాంటి లెక్కలన్నీ తేల్చుకుని కూర్చోవాల్సొచ్చింది.

పాత పుస్తకాల కొట్టు: దిధిషు దగ్గరికి రండి. ఆశ్వలాయన గృహ్యసూత్రంలో ఈ మంత్రంతో ఆమెను లేపేది ఎవరు? భర్త స్థానంలో ఉన్న మరిది, లేదా శిష్యుడు, లేదా "జరద్దాసః", ముసలి దాసుడు. లేపేవాడే రెండో భర్త అయితే ముసలి దాసుణ్ణి ఎందుకు చేర్చారు?

ఓరుగల్లు వాకిలి: సూత్రం తర్వాతిది, మంత్రం ముందుది. ఋగ్వేదం 10-40-2లో "విధవేవ దేవరం" అని పోలికే ఉంది. అది మరిదిని శయ్యకు పిలిచే విధవ పోలిక. మరిది మొదటివాడు, మిగతా ఇద్దరూ ఆచారం మారాక చేరినవాళ్లు.

అమరం అరుగు: చేరారని ఎలా అంటారు? "బభూథ"కి ముందు జవాబు చెప్పండి.

గోదావరి గట్టు: అందరికీ నమస్కారం. మరిది అనగానే నాకొకటి గుర్తొచ్చింది. ఆ రోజు రేవులో మామ్మ తాతయ్య పక్కనుంచి కదలకపోతే "లే వదినా" అని చేయి అందించింది చిన్నతాతయ్యే అనుకుంటాను. అప్పటికి ఈ మంత్రం అయిందో కాలేదో రాత్రికి అమ్మని అడిగి రాస్తాను.