అప్‌డేట్: తప్పు విండోస్ అప్‌డేట్‌ది కాదు, గడియారానిది

గత వారం నేను అడిగిన ప్రశ్న ఇది: పర్లాకిమిడిలోని మా ఇంటి పాత డెస్క్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ అయిన మరునాటి నుంచి ఏ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదని, ప్రతిచోటా భద్రతా హెచ్చరికే వస్తోందని. అప్‌డేట్‌ను తొలగించమన్న సలహా పాటించాను గాని, ఫలితం శూన్యం.

తేదీ చూడమని ఒకరు రాసినప్పుడు గాని నాకు తట్టలేదు. కుడివైపు మూలన 2014 జనవరి 1 అని ఉంది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు ప్రారంభ, ముగింపు తేదీలు ఉంటాయి కనుక, కాలంలో వెనక్కి వెళ్లిన కంప్యూటర్ వాటిని చెల్లనివిగా భావించి తిరస్కరించింది. తేదీ సరిచేస్తే అన్నీ తెరుచుకున్నాయి, కానీ రాత్రి కరెంటు పోయి వచ్చేసరికి మళ్లీ 2014! స్విచ్ వేయగానే ఎఫ్1 నొక్కమని నల్లటి తెర అడుగుతున్న సంగతి మొదటి ప్రశ్నలో రాయకపోవడం నా పొరపాటే.

అసలు దోషి, కరెంటు లేనప్పుడూ తేదీని, ప్రారంభ సెట్టింగులను నిలిపి ఉంచే, మదర్‌బోర్డుపై ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ. 3 వోల్టులు ఉండవలసినది మల్టీమీటరులో 2.1 మాత్రమే చూపింది. బజారులో గడియారాలు బాగుచేసే ఒడియా పెద్దాయన దగ్గర కొత్తది కొని, ప్లగ్గు పూర్తిగా తీసి, బ్యాటరీ పక్కనున్న చిన్న లోహపు పట్టీని గోటితో నెట్టి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా అమర్చాను. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో) తేదీ ఒకసారి సరిచేశాక, నాలుగు రోజులుగా ఎన్నిసార్లు కరెంటు పోయినా తేదీ మారలేదు. తొలగించిన అప్‌డేట్‌ను నిన్ననే తిరిగి వేసుకున్నాను.