మబ్బు చూసే ముగ్గురికి ఏం ఇద్దాం? – ఆగస్టు వనభోజనాల బహుమతులు

బహుమతుల బాధ్యురాలు, సోమవారం

అందరికీ నమస్కారం. కార్తీకంలో డెన్వర్‌లో మంచు పడుతుంది కాబట్టి మన వనభోజనాలు ఎప్పట్లాగే ఆగస్టులోనే. పనులన్నీ దాదాపు తేలాయి, ఇదొక్కటే మిగిలింది.

పోయినేడు ఏం జరిగిందో గుర్తుందిగా? పులిహోర వడ్డిస్తుండగా మన సౌండ్ సిస్టమ్ తమ్ముడి నాన్నగారు కొండల వైపు చూసి "ఆ మబ్బు తల కమ్మరి దాగలిలా పరుచుకుంటోంది, సర్దండి" అన్నారు. ఎవరం పట్టించుకోలేదు. తర్వాత ఎనిమిదో తరగతి పాప ఫోన్‌లో రాడార్ చూపించింది. ఇక పార్కు పక్కింటి పెద్దాయన కంచె దాటి వచ్చి, "ఉరుము వినబడింది, ఈ రేకుల కప్పు కింద ఉండకండి, కార్లలోకి వెళ్లండి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా దిగకండి" అని గట్టిగా చెప్పారు. ఇరవై నిమిషాల్లో వడగళ్లు. పులిహోర పోయింది, రెండు కార్ల అద్దాలు పోయాయి, మనుషులకి ఏమీ కాలేదు.

ఆ ముగ్గురికీ ఈసారి వేదిక మీద ఏదైనా ఇద్దామని కమిటీ మాట. శాలువా, జ్ఞాపిక వద్దు. ముగ్గురూ రోజూ ఆకాశం చూసేవాళ్లు, అందుకు పనికొచ్చేదే ఇద్దాం. చెప్పండి.

కోశాధికారి, సోమవారం

మనిషికి 50 డాలర్లు. పన్నుతో కలిపి. రసీదులు ఇవ్వాలి.

అలంకరణ కమిటీ, సోమవారం

అక్కా, గాజు బొట్టు ఆకారంలో ఒక సీసా దొరుకుతుంది. లోపల నీళ్లలాంటి ద్రవం, అందులో తెల్లని స్ఫటికాలు. వాన రాబోతుంటే ముందే చెబుతుందట. చాలా అందంగా ఉంది. ముగ్గురికీ ఒకటే ఇస్తే ఎవరికి ఎక్కువ, ఎవరికి తక్కువ అన్న గొడవ ఉండదు.

పార్కింగ్ కమిటీ, మంగళవారం

ఇత్తడి బారోమీటర్ బాగుంటుంది కదా, గోడకి తగిలించుకునేది. పెద్దమనిషి బహుమతిలా ఉంటుంది.

బహుమతుల బాధ్యురాలు, మంగళవారం

ఆ సీసా నేనూ చూశాను చెల్లీ. డార్విన్ వెళ్లిన బీగిల్ ఓడ కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ దానికి బాగా ప్రచారం తెచ్చాడు. లోపల ఉండేది ఆల్కహాల్‌లో కరిగించిన కర్పూరం, కాస్త నవాసాగరం, సురేకారం. చల్లబడితే స్ఫటికాలు కడతాయి, వేడెక్కితే కరుగుతాయి. అంటే ఇంట్లో హీటర్ వేశామో లేదో చెబుతుంది, అంతే. ఆ కర్పూరం హారతికి వాడితే కనీసం వాసనైనా వస్తుంది. ఏమీ అనుకోకు, బల్ల మీద అందానికి మంచిదే. మబ్బు రంగు చూసి వాన చెప్పే మనిషికి మాత్రం అది బొమ్మ.

బారోమీటర్ సంగతి నా చేయి కాల్చుకుని నేర్చుకున్నాను అన్నా. పెళ్లిరోజుకి మా ఆయనకి ఒకటి కొన్నాను. గోడకి తగిలించిన రోజు నుంచి ముల్లు అడుగున 'తుఫాను' దగ్గరే ఉంది. బయట ఎండ మండిపోతుంటే లోపల తుఫాను. మనం 5,280 అడుగుల ఎత్తులో ఉన్నాం. ఇక్కడ అసలు గాలి పీడనం పాదరసం లెక్కలో సాధారణంగా 25 అంగుళాల లోపే ఉంటుంది, నా డయల్ మొదలయ్యేదే 28 దగ్గర. వెనక స్క్రూ తిప్పి సముద్రమట్టం లెక్కకి మార్చాలట. తిప్పాను, అది అంత దూరం తిరగదు. ఈ ఎత్తుకి సరిపడేది కొనాలంటే 50లో రాదు.

నా ఓటు వాన కొలిచే గొట్టానికి. నాలుగంగుళాల వెడల్పున్న పారదర్శకమైన ప్లాస్టిక్‌ది, దాదాపు 40 డాలర్లు. పైన గరాటు, లోపల సన్న గొట్టం. ఒక అంగుళం వాన పడితే ఆ సన్న గొట్టంలో పదంగుళాల ఎత్తున నిలుస్తుంది, అందుకే అంగుళంలో నూరో వంతు కూడా కంటికి కనబడుతుంది. ఇంకా పడితే బయటి గొట్టంలోకి పొర్లుతుంది, మొత్తం 11 అంగుళాలు పడతాయి.

దీనికి మన రాష్ట్రంతో సంబంధం కూడా ఉంది. 1997 జులై 28న ఫోర్ట్ కాలిన్స్‌లో వరద వచ్చి ఐదుగురు పోయారు. ఊరి పడమటి వైపు పదంగుళాలు దాటి కురిస్తే, తూర్పు వైపు చాలా తక్కువ. అంత వాన ఎక్కడ పడుతోందో కొలిచేవాళ్లు సరిపడా లేరు. మరుసటి ఏడాది అక్కడి విశ్వవిద్యాలయంలోని కొలరాడో క్లైమేట్ సెంటర్ వాళ్లు ఇలాంటి గొట్టంతో ఎవరి పెరట్లో వాన వాళ్లే కొలిచి పంపే నెట్‌వర్క్ మొదలుపెట్టారు. పేరు కోకోరాజ్. కొబ్బరి ఉండల బ్రాండులా ఉంటుంది గానీ ఇప్పుడు దేశమంతా ఉంది. ఎక్కువమంది పొద్దున ఏడింటికి చూసి రాస్తారు. చుక్క పడకపోతే సున్నా అని రాస్తారు. ఆ సున్నా కూడా లెక్కే.

సౌండ్ సిస్టమ్, మంగళవారం రాత్రి

అక్కా, నాన్న అక్టోబర్‌లో అవనిగడ్డ వెళ్లిపోతున్నారు. పైగా అంగుళాలు చెబితే "బట్ట కొలుస్తున్నావా" అంటారు. పేపర్లో సెంటీమీటర్లే చదివిన మనిషి. అసలు ఆయన వాన లెక్క పదును, అంటే దున్నడానికి నేల తడిసేంత వాన. ఒక పదును, రెండు పదున్లు, అంతే.

1977 నవంబర్ 19 ఉప్పెన రాత్రి ఆయన దివిసీమలోనే ఉన్నారు. ఆ సంగతి మా దగ్గర పెద్దగా మాట్లాడరు. ఇక్కడున్నా నవంబర్ వస్తే రోజూ ఫోన్ చేసి "గాలి ఏ వైపు నుంచి" అని మా బాబాయిని అడుగుతారు. కొలిచే గొట్టం ఇస్తే వాడతారు, అది మాత్రం గ్యారంటీ.

బహుమతుల బాధ్యురాలు, బుధవారం

అయితే తాతగారికి మిల్లీమీటర్ల గీతలది తెప్పిద్దాం, కెనడాలో అదే అమ్ముతారు. టొరాంటో నుంచి వనభోజనాలకి వస్తున్న మా వదిన తెస్తానంది. సూట్‌కేసులో పడుతుంది, లోపల చాక్లెట్లు కూరుకోవచ్చు. ఆ నెట్‌వర్క్ ఇండియాలో లేదు, కాబట్టి తోడుగా ఒక గట్టి అట్ట నోటుపుస్తకం. మొదటి పేజీలో పదునుకి ఎన్ని మిల్లీమీటర్లో ఆయన్నే రాయమందాం. నాకూ తెలుసుకోవాలని ఉంది.

పాప వాళ్లమ్మ, బుధవారం

మా దానికి ఇంకో తెర మాత్రం వద్దు అక్కా, దండం పెడతాను. పోయినేడు వడగల్లు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసింది, ఇప్పటికీ అందరికీ చూపిస్తుంది.

బహుమతుల బాధ్యురాలు, బుధవారం

భలే, దానికి అచ్చంగా సరిపోయేది ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు థర్మోకోల్ పలకకి మందపాటి అల్యూమినియం ఫాయిల్ చుట్టి పెరట్లో పెడతారు. వడగళ్లు పడితే సొట్టలు పడతాయి, ఆ సొట్టల్ని బట్టి రాళ్లు ఎంతవో, ఎన్ని పడ్డాయో తెలుస్తుంది. 2017 మే 8న ఇక్కడ డెన్వర్‌లో పడ్డ వడగళ్ల వాన చూసినవాళ్లకి అదెందుకో చెప్పక్కర్లేదు. అరడజను పలకలు మనమే చుడదాం, ఐదారు డాలర్లు. గొట్టం కూడా ఇస్తే 50కి దగ్గరగా వస్తుంది.

పక్కింటాయన దగ్గర గొట్టం ఏళ్లనుంచీ ఉంది. మొన్న పలకరిస్తే, పోయిన చలికాలం లోపలి సన్న గొట్టం తీయడం మర్చిపోయారట, నీళ్లు గడ్డకట్టి పగిలింది. టేపు అంటించి వాడుతున్నారు. ఆ విడిభాగం ఒక్కటే కొందాం, పక్కన ఒక డబ్బా కాజాలు. మనం చూసుకుని మరీ తెచ్చామని ఆయనకి అర్థమవుతుంది.

కోశాధికారి, గురువారం

కాజాలకి రసీదు?

బహుమతుల బాధ్యురాలు, గురువారం

నేనే చేస్తున్నా, రసీదు లేదు, రెండు మీకు.

ఇక టైము. ఇక్కడ ఉరుములు ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే కొండల మీంచి దిగుతాయి. బహుమతులు భోజనాలయ్యాక కాదు, పన్నెండులోపే ఇచ్చేద్దాం. ఉపన్యాసాలు ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. వడ్డన కమిటీ, తాతగారి కుర్చీ పడమటి వైపు తిప్పి వేయండి. ఈసారి ఆయన సర్దమంటే సర్దేద్దాం.