వెల్డర్‌ను ఇంటర్వ్యూ చేసేది ఎట్ల? రెండుసార్లు తప్పు చేసినా

కడప_షెడ్డు:
అన్నలూ, నాకు కడప దగ్గర చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది, ఎర్రగుంట్ల సైడు సిమెంటు ఫ్యాక్టరీలకు హాపర్లు, కన్వేయర్ స్ట్రక్చర్లు చేసిస్తాం. ఇద్దరు వెల్డర్లు కావల్ల. పోయిన సారి ఒకాయన 6జీ (వాలు పైపు వెల్డింగ్) సర్టిఫికెట్ తెచ్చినాడు, ఏం అడిగినా టకటకా చెప్పినాడు, ఆ పొద్దే తీసుకున్నా. ఆయన కొట్టిన జాయింట్లకు డీపీ టెస్టు (బీటలను ఎర్ర రంగుతో బయటపెట్టే పరీక్ష) చేస్తే యాడ చూసినా ఎర్ర గీతలే, అంతా గ్రైండ్ చేసి మళ్లా కొట్టేసరికి మూడు దినాలు పాయె. అదే వారం ఇంకో పిల్లోడు వచ్చినాడు, అడిగినదానికి తల ఊపడం తప్ప మాటే లేదు, పనికిరాడులే అని పంపిచ్చినా. ఇప్పుడు పక్క షెడ్డులో చేస్తాండాడు, ఆ బీడ్ (వెల్డింగ్ వరస) చూస్తే కడుపులో దేవినట్లయింది. అసలు ఇంటర్వ్యూలో ఏం అడగల్ల?

తాడిపత్రి_ఫోర్‌మన్:
మాటలు తగ్గించి పని చూడు తమ్ముడూ. 10 ఎంఎం ప్లేటు ముక్కలు రెండు ఇచ్చి నిలువుగా పెట్టి 3జీ కొట్టమను, బెవెల్ (అంచులు వాలుగా కోసేది) కూడా ఆయన్నే చేసుకోమను. నువ్వు పక్కన నిలబడి చూడు, తుప్పు గ్రైండ్ చేస్తాండాడా, ఎర్త్ క్లాంపు సరిగా పట్టిందా చూసుకుంటాండాడా, వేరే తుక్కు ముక్క మీద ఒకసారి కొట్టి కరెంటు సెట్ చేసుకుంటాండాడా, ఒక వరస వెల్డింగ్‌కూ ఇంకో వరసకూ మధ్య స్లాగ్ (పైన పట్టే పెంకు) పూర్తిగా తీస్తాండాడా. నాకైతే సగం తీర్పు ఆర్క్ కొట్టకముందే వచ్చేస్తాది. తర్వాత ముక్క పట్టీలుగా కోసి రూట్ సైడు (జాయింటు అడుగు) బయటికి వచ్చేలా వంచు, లోపల పట్టకపోతే అక్కడే నోరు తెరుస్తాది.

ఇంగ ఆ 6జీ సర్టిఫికెట్ టిగ్‌దా (గ్యాస్ కింద టంగ్‌స్టన్ మొనతో కొట్టేది), ఆర్క్‌దా (రాడ్డుతో కొట్టేది) చూసినావా? 45 డిగ్రీల వాలు పైపు మీద టిగ్ పాసైనంత మాత్రాన రాడ్డుతో కొట్టేదానికి ఆ కాగితం చెల్లదు. ఏఎస్ఎంఈ (అమెరికా ఇంజనీర్ల సంఘం) కోడ్ లెక్కన అయితే 6 నెలలు ఆ ప్రాసెస్‌లో కొట్టకపోతే క్వాలిఫికేషనే పోతాది. ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగు, 7018 వెల్డింగ్ రాడ్ల ప్యాకెట్ విప్పి రెండు దినాలు బయట ఉంటే ఏం చేస్తావని. సుమారు 300 డిగ్రీల్లో గంటసేపైనా ఓవెన్‌లో కాల్చాలన్నా, లేకుంటే చెమ్మ పట్టి గుల్లలు, బీటలు వస్తాయి అన్నాడంటే పని తెలిసినోడు.

అనంతపురం_ఐటీఐ:
నేను వెల్డర్‌నే, ఆ పక్కనుంచి చెప్తా. టెస్టు పెట్టండి, మాకూ అదే మేలు, నోరు లేనోళ్లకు చెయ్యే సాక్ష్యం. కానీ ఒక చోట నన్ను టెస్టు అని పిలిచి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాళ్ల ఆర్డర్ గేట్లే కొట్టించుకున్నారు, చివర్లో ఫోన్ చేస్తాం పో అన్నారు, బస్సు ఛార్జీ కూడా ఇయ్యలే. నా మాదిరి ఎంతమందిని పిలిచినారో. టెస్టు ముక్క టెస్టు ముక్కే కావల్ల, కస్టమర్ పని కాకూడదు, గంటా రెండు గంటల్లో అయిపోవల్ల, పూట కూలి చేతిలో పెట్టి పంపల్ల. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం పట్టుకోవద్దన్నా, ఫోటో తీసుకుంటే చాలు. ఎన్‌సీవీటీది (కేంద్రం ఇచ్చే ఐటీఐ సర్టిఫికెట్) అయితే ఆన్‌లైన్‌లో నంబరు కొట్టి చూసుకోవచ్చు.

కర్నూలు_వర్క్‌షాప్:
అంతా అనుభవం ఉన్నోళ్లే కావల్లంటే దొరకరు. వెల్డర్ ట్రేడ్ ఐటీఐలో ఒక సంవత్సరమే, ఆ పిల్లోళ్లను అప్రెంటిస్‌గా తీసుకో. న్యాప్స్ (కేంద్రం అప్రెంటిస్ పథకం) కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1500 వరకు సెంట్రల్ గవర్నమెంట్ భరిస్తాది. సీనియర్ ఒకడు, వాని పక్కన ఇద్దరు పిల్లోళ్లు, మా షెడ్డు అట్లే నడుస్తాంది.

కడప_షెడ్డు:
అందరికీ థాంక్స్ అన్నా. పూట కూలి ఖచ్చితంగా ఇస్తా. ఫోర్‌మన్ అన్నా, నువ్వు చెప్పినాక పోయి చూసినా, మా షెడ్డులో రాడ్డు ఓవెనే లేదు, 7018 ప్యాకెట్లు విప్పి రేకు మీద పెట్టినవి అట్లనే వాడుతున్నాం. ఆ ఎర్ర గీతల్లో ఆయన తప్పెంతో నా తప్పెంతో ఇప్పుడు చెప్పలేను, ఆయనకు ఫోన్ చేసి ఆ మాట చెప్తా. చిన్న ఓవెన్ యాడ మంచిది దొరుకుతుందో చెప్పండి, అది వచ్చినాకనే టెస్టుకు పిలుస్తా.