స్పైరల్ ఆఫ్ సైలెన్స్ పాఠంలో నోయెల్-నాయ్‌మన్ పాత రాతల గురించి చెప్పాలా, అక్కర్లేదా?

ఎంసీజే_సెకండియర్: తమ అభిప్రాయం మైనారిటీలో ఉందనిపిస్తే జనం ఒంటరైపోతామన్న భయంతో నోరు మూసుకుంటారు, దాంతో అవతలి గొంతు ఇంకా పెద్దగా వినిపిస్తుంది. ఇదీ పాఠం. 1974లో ఎలిజబెత్ నోయెల్-నాయ్‌మన్ రాసింది. ఆవిడ 1940 నుంచి 1942 దాకా నాజీల వారపత్రిక ‘దాస్ రైష్’లో పనిచేసిందనీ, అమెరికా పత్రికలు యూదుల చేతుల్లో ఉన్నాయని 1941లో రాసిందనీ మా నోట్స్‌లో ఒక్క ముక్క లేదు. చెప్పాలా వద్దా?

డెస్క్‌బాబాయ్: అక్కర్లేదు. సిద్ధాంతం నిలబడుతుందా లేదా, అంతే. 1965 పశ్చిమ జర్మనీ ఎన్నికల ముందు ఓటెవరికని అడిగితే రెండు పక్షాలూ దాదాపు సమానం, గెలిచేదెవరని అడిగితే మాత్రం క్రిస్టియన్ డెమోక్రాట్ల వైపు మొగ్గు పెరుగుతూ పోయింది, చివర్లో ఓట్లూ అటే పడ్డాయి. ఆ తేడాని పట్టుకుంది ఆవిడ. ఇంకా రైలు ప్రశ్న చూడండి. ఐదు గంటల ప్రయాణం, పెట్టెలో ఒకాయన ఫలానా విషయం ఎత్తాడు, మీరు మాట కలుపుతారా, ఊరుకుంటారా? ఇంత చిన్న ప్రశ్నతో జనం జంకుని కొలవడం మామూలు విషయం కాదు. పైగా అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బాగా కనిపించే ఫొటో వేసినందుకు ‘దాస్ రైష్’ వాళ్లే ఆవిడని ఉద్యోగం నుంచి పంపించేశారు.

ఖమ్మంకారం: ఫొటో కథ చెప్పిందెవరు? ఆవిడే కదా.

డెస్క్‌బాబాయ్: అబద్ధమని మీ దగ్గర ఆధారముందా?

ఖమ్మంకారం: నిజమని మీ దగ్గరుందా?

గోడమీదపిల్లి: ఫొటో దగ్గరే రెండో పేజీకొచ్చేశాం 😀

ఖమ్మంకారం: సరే, ఫొటో వదిలేయండి. 1991లో ఆవిడ షికాగోలో విజిటింగ్ ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడు అమెరికా మీడియా పరిశోధకుడు లియో బోగార్ట్ ఈ పాత రాతలు బయటపెట్టాడు. నియంతృత్వంలో అసలు విషయం రాయాలంటే అలాంటి వాక్యాలు కొన్ని అడ్డం పెట్టుకోక తప్పదని ఆవిడ జవాబు. నేనూ పత్రికలో చేశాను. యజమాని బంధువు భూమి గొడవ మీద వాళ్లు చెప్పినట్టు రాయనన్నందుకు నన్ను నైట్ షిఫ్టులో పడేసి ఇంక్రిమెంట్ ఆపేశారు. తప్పదు అనే మాట నా దగ్గర చెల్లదు.

డెస్క్‌బాబాయ్: మీ నైట్ షిఫ్టుకీ హిట్లర్ జర్మనీకీ పోలికా మేడమ్? మీకు పోయింది ఇంక్రిమెంట్. అక్కడ తల పోయేది. ఇంట్లో కూర్చుని ధైర్యం చెప్పడం చాలా తేలిక.

ఖమ్మంకారం: ‘ఇంట్లో కూర్చుని’ అన్న మాట వెనక్కి తీసుకోండి.

మోడరేటర్: ఇద్దరూ కాస్త తగ్గండి.

ఖమ్మంకారం: 24 ఏళ్ల పిల్ల భయపడి రాసిందంటే ఒప్పుకుంటాను. యుద్ధం అయిపోయాక భయం దేనికి? 1947లో అలెన్స్‌బాహ్‌లో సర్వే సంస్థ పెట్టింది, మైంజ్‌లో ప్రొఫెసరైంది, పశ్చిమ జర్మనీ తొలి చాన్సలర్ అడెనావర్ కాలం నుంచీ ప్రభుత్వానికి సర్వేలు చేసిచ్చింది. ఎవరైనా బాధపడి ఉంటే క్షమించమనడం కూడా బోగార్ట్ నిలదీశాకే. నా కోపం 1941 మీద కాదు, ఆ తర్వాత యాభై ఏళ్ల మీద.

డెస్క్‌బాబాయ్: ఇది ముందే చెప్పొచ్చుగా. నా భయం వేరే. క్లాసులో నాజీ అన్న మాట పడగానే పిల్లలు పుస్తకం మూసేస్తారు, ఇక రైలు ప్రశ్న ఎవరికీ పట్టదు.

గోడమీదపిల్లి: జనం నోరు మూసుకున్న దేశంలో బతికిన మనిషికే ఈ సిద్ధాంతం తట్టిందంటే ఆ బతుకు కూడా పాఠమే కదా అన్నా?

డెస్క్‌బాబాయ్: అది నీ ఊహ. కావాలంటే ఫుట్‌నోట్ పెట్టుకోండి.

ఖమ్మంకారం: ఫుట్‌నోట్ ఎవడు చదువుతాడు బాబాయ్?