మామూలు కీబోర్డుతో ఐపీఏ: గుర్తుల పట్టిక ఎలా కట్టాలి?

ప్రశ్న:
తెలుగు మాటల ఉచ్చారణ జాబితాను సాదా టెక్స్ట్ ఫైల్లో పెడుతున్నాను. కీబోర్డు మీద ఉన్న గుర్తులతోనే రాసి, తర్వాత ప్రోగ్రాంతో ఐపీఏలోకి (అన్ని భాషల ధ్వనులనూ రాసే అంతర్జాతీయ గుర్తుల్లోకి) మార్చాలి. ఆర్‌టీఎస్ (తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతి) అలవాటు కాబట్టి ట, ణ, ళ లకు పెద్ద (క్యాపిటల్) అక్షరాలు వాడాను. ఇంగ్లీషు ధ్వనులు కూడా కలిపేసరికి అక్షరాలు చాలడం లేదు. సొంత పద్ధతి కట్టుకోనా, ఐపీఏని కీబోర్డు గుర్తులతో రాసే ఎక్స్-సాంపా తీసుకోనా?

జవాబు 1:
ఎలా చాలుతాయండీ? స్పేస్ పోను ఆస్కీలో (మామూలు కీబోర్డు గుర్తుల కోడ్‌లో) కనిపించే గుర్తులు 94. ఐపీఏలో అక్షరాలే 107, పైన 52 డయాక్రిటిక్కులు (అక్షరానికి తగిలించే చిన్న గుర్తులు). ధ్వనికో మీట కుదరదు. మూలాక్షరం, దాని వెనక సవరణ గుర్తు, అదొక్కటే దారి. 1995లో జాన్ వెల్స్ ఎక్స్-సాంపాలో చేసిందీ అదే, కాబట్టి కొత్తది కట్టకండి. అందులో చిన్న టి, డి, ఎన్, ఎల్ వెనక బ్యాక్‌టిక్ (`) కొడితే ట, డ, ణ, ళ. నిడివికి కోలన్. అండర్‌స్కోర్ పెడితే డయాక్రిటిక్ వస్తోందని అర్థం: _హెచ్ అంటే ఖ, ఫ లలోని మహాప్రాణం, _డి అంటే దంత్యం. ఘ, భ లను ఖచ్చితంగా చూపాలంటే _టి.

ఒక్క జాగ్రత్త. ఆర్‌టీఎస్‌లో పెద్ద ఎన్ అంటే ణ, ఇక్కడ 'అంకె'లో క ముందు పలికే ఙ. పెద్ద టి 'థింక్' మొదటి ధ్వని. పాత ఫైలు అలాగే ఎక్కిస్తే ఎర్రర్ ఏమీ రాదు, ఉచ్చారణే మారిపోతుంది. అదే ప్రమాదం.

జవాబు 2:
ఇలాంటిదే కిర్షెన్‌బామ్ పద్ధతి కూడా ఉంది, ఈస్పీక్ (టెక్స్ట్‌ను చదివి వినిపించే ప్రోగ్రాం) గుర్తులకు ఆధారం అదే. అందులో మూర్ధన్యానికి (ట, ణ, ళ లాంటి ధ్వనులకు) చుక్క. వాక్యాల మధ్య రాసేటప్పుడు అది ఫుల్‌స్టాప్‌తో కలిసిపోతుంది, నాకు నచ్చదు.

ప్రోగ్రాం సంగతి: ఆర్, ఆర్\, ఆర్\` మూడూ వేర్వేరు ధ్వనులు. పట్టికలో పొడవైనవి ముందు పెట్టి పోల్చండి, లేకపోతే మొదటి ఆర్ దగ్గరే ఆగిపోయి \ మిగిలిపోతుంది. రెండు ధ్వనులు పొరపాటున ఒకటిగా అతుక్కునే చోట మధ్యలో హైఫన్ పెట్టండి.

చెడేది ఎక్కువగా మన ప్రోగ్రాం బయటే, వేరే సాఫ్ట్‌వేర్‌లో:
– 'చీమ'లో చ అంటే టి, పెద్ద ఎస్. 'చాప'లో టి, చిన్న ఎస్. పెద్ద, చిన్న తేడా చూడని సెర్చ్‌లో రెండూ ఒకటే.
– ఆటో క్యాపిటల్ ఆపండి. లైను మొదటి చిన్న టి పెద్దదైపోతుంది.
– ఊనికకు (") వాడతాం కదా, కామాల ఫైల్లో అది గడులను చెడగొడుతుంది. ట్యాబ్ వాడండి. స్ప్రెడ్‌షీట్‌లో గడి మొదట @ (ఇదీ ఒక అచ్చు గుర్తే) ఉంటే ఫార్ములా అనుకుంటుంది. ముందే టెక్స్ట్ ఫార్మాట్ పెట్టాలి.
– కోడ్‌లో ఆర్\ వెనక చిన్న ఎన్ వస్తే \ఎన్ కాస్తా కొత్త లైను! పట్టికను విడి ఫైల్లో ఉంచడమే మేలు.

ప్రశ్న అడిగినవారు:
వ కి పెద్ద పి, వి\ రెండూ ఉన్నాయి కదా. రెండూ ఉంచవచ్చా?

జవాబు 1:
చదివేటప్పుడు రెండూ ఒప్పుకోండి, రాసేటప్పుడు ఒక్కటే రాయండి. తర్వాత ఐపీఏ నుంచి వెనక్కి మార్చి, మొదటిదానితో పోల్చండి. తేడా వచ్చిన లైనులోనే లోపం. పోల్చేముందు రెండు వైపులా యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరాన్ని అన్నిచోట్లా ఒకే కోడ్‌లతో రాయించడం) ఒకేలా చేయాలి. లేదంటే అనునాసిక అచ్చు ఒకచోట ఒకే గుర్తుగా, ఇంకోచోట అచ్చు, దాని పైన టిల్డె (యూనికోడ్ 0303) అని రెండుగా ఉండి అనవసరపు తేడాలు చూపిస్తుంది. ఇంకోటి, ఐపీఏలో గ కి వాడే గుర్తు 0261, కీబోర్డు మీది జీ కాదు. నిడివి గుర్తు కూడా కోలన్ కాదు, దానికి వేరే కోడ్ ఉంది.