హెలికాప్టర్‌కి రెక్కలు తగిలిస్తే లాభమా, నష్టమా?

రాయగడ మాస్టారు:
సైన్స్ ప్రదర్శనకని మా తొమ్మిదో తరగతి పిల్లలు బొమ్మ హెలికాప్టర్‌కి థర్మాకోల్ రెక్కలు అంటించారు. అంతకు ముందు చక్కగా లేచేది, ఇప్పుడు నేల వదలడం లేదు. తూకం వేశాం, రెక్కల బరువు లెక్కలోకి రానంత తక్కువ. మరి ఎయిర్‌బస్ వాళ్ల ప్రయోగాత్మక హెలికాప్టర్ రేసర్‌కీ రెక్కలున్నాయి, 2024 ఏప్రిల్‌లో ఎగిరింది కదా? పిల్లలు ఒడియాలో అడుగుతున్నారు, నేను ఇక్కడ తెలుగులో తెలుసుకుని వెళ్లి చెప్పాలి.

పర్లాకిమిడి కుర్రాడు:
ఎందుకు మాస్టారూ ఈ తిప్పలు? ఒక డ్రోన్ కొనేయండి, ప్రైజ్ మీదే.

సునాబెడ ఫిట్టర్:
అప్పుడు ప్రైజ్ దుకాణం వాడికివ్వాలి బాబూ.

మాస్టారూ, నేను రిటైరయ్యే దాకా చేసింది మిగ్ ఇంజన్ల పని. హెలికాప్టర్లంటే ఉత్త పిచ్చి, అంతే. మీ బొమ్మ ఆగింది రెక్క బరువుకి కాదు, వెడల్పుకి. రోటర్, అంటే పైన తిరిగే బ్లేడ్ల పంకా, కిందకి తోసిన గాలి రెక్క మీద పడి దాన్ని నొక్కేస్తోంది.

అయినా రెక్క పెట్టేది వేగం కోసం. బ్లేడు కొస గంటకి 790 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోందనుకోండి. హెలికాప్టర్ 400తో పోతుంటే, ముందుకొచ్చే బ్లేడు కొసకి తగిలే గాలి 1190, ధ్వని వేగం దరిదాపుల్లోకి వచ్చేస్తుంది. వెనక్కి పోయే బ్లేడుకి 390 మాత్రమే, ఆ పక్క లిఫ్ట్, అంటే పైకి లేపే బలం, పడిపోతుంది. రెక్క కొంత బరువు మోస్తే రోటర్‌ని నెమ్మదిగా తిప్పుకోవచ్చు. ముందుకి తోసే పని వేరే ప్రొపెల్లర్లు చూసుకుంటాయి. యూరోకాప్టర్ ఎక్స్3 ఇలాగే 2013లో 472 దాకా వెళ్లింది.

నాకు ముద్దొచ్చేది మాత్రం 1957లో ఎగిరిన బ్రిటన్ వాళ్ల ఫెయిరీ రోటోడైన్. నలభై మంది పట్టేది. బ్లేడు కొసల్లోనే చిన్న జెట్‌లు! ఇంజన్ల నుంచి ఒత్తిడి గాలి బ్లేడ్ల లోపల్నుంచి అక్కడికి వెళ్లి ఇంధనంతో కలిసి మండేది. తోసేది కొసలోనే కాబట్టి విమానం ఒళ్లు ఎదురు తిరగదు, తోక రోటర్ అక్కర్లేదు. ప్రయాణంలో ఆ జెట్‌లు ఆర్పేస్తే రోటర్ గాలివాటుకి దానంతటదే తిరిగేది, దాదాపు సగం బరువు రెక్కలు మోసేవి. కానీ ఊరి నడిబొడ్డున దించాలనుకున్న దానికి చెవులు పగిలే మోత. ఆర్డర్లు రాలేదు, 1962లో మూసేశారు. ఇప్పటికీ కడుపు మండుతుంది.

రాయగడ మాస్టారు:
రెక్కని నిలువుగా తిప్పేస్తేనో గురువుగారూ? గాలికి అడ్డు రాదు కదా.

సునాబెడ ఫిట్టర్:
పట్టేశారు. కెనడా వాళ్లు 1965లో ఎగరేసిన సీఎల్-84 విమానంలో ఇంజన్లతో సహా రెక్కే పైకి తిరిగేది. రేసర్‌లోనైతే గాలికి అడ్డు తగ్గేలా పక్కకి రెండేసి సన్నరెక్కలు పెట్టి, కొసల దగ్గర కలిపారు. మీ బొమ్మ అంత వేగంగా పోదు కాబట్టి రెక్క లాభం ఎలాగూ కనబడదు. నష్టాన్నే చూపించండి. బొమ్మని కాటా మీద కట్టేసి, రోటర్ తిప్పుతూ రెక్క అడ్డంగా ఉన్నప్పుడొకసారి, నిలువుగా ఉన్నప్పుడొకసారి తూకం చూడమనండి. ఇంతకీ రోటర్ వ్యాసం ఎంత, రెక్క వెడల్పు ఎంత?