టార్క్ రెంచ్ (బోల్టును కొలత ప్రకారం బిగించే పానా) కొనాలి, ఏ రేంజ్ తీసుకోమంటారు?

గుంటూరు_బండి: అన్నలూ, మొన్న బయట షెడ్డులో బైకుకు ఆయిల్ మార్పిస్తే డ్రెయిన్ బోల్టును పొడుగు పానాతో బిగించి చాంబర్ మరలు లేపేశారు. ఇకనుంచి నా 150 సీసీ బైకు, నాన్నగారి కారు పనులు ఇంట్లోనే చేసుకుందామనుకుంటున్నా. అర అంగుళం డ్రైవ్‌లో (సాకెట్ తగిలించే చదరపు మొన) 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల (బిగింపు బలం కొలత) క్లిక్ టైపు, అంటే పెట్టిన అంకె రాగానే టక్కుమనేది, ఒకటి చూశాను. రెండింటికీ అదొక్కటి చాలా?

ఆటోనగర్_మేస్త్రి: కారు చక్రాలకు చాలు తమ్ముడూ, బైకుకు వద్దు. చాలా చిన్న కార్లకు చక్రం నట్లు 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. బైకు ఇంజన్ కవర్లకుండే 6 ఎంఎం బోల్టులకు 10, 12 మించదు. నువ్వు చూసిన రెంచ్ మొదలయ్యేదే 28 దగ్గర. అది టక్కుమనేలోపే అల్యూమినియం మర బోల్టుతో పాటు ఊడొస్తుంది. పావు అంగుళం డ్రైవ్‌లో 5-25 రేంజ్ వేరే తీసుకో. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు చిన్నదే కొను.

పాత_బులెట్: 3/8 డ్రైవ్‌లో 10-60 తీసుకుంటే బైకంతా ఒకదానితో అయిపోతుంది కదా మేస్త్రిగారూ? డ్రెయిన్ బోల్టు 25 దాటే బండ్లూ ఉన్నాయి.

ఆటోనగర్_మేస్త్రి: డ్రెయిన్ బోల్టుకు, యాక్సిల్ దగ్గర కొన్నింటికి బాగుంటుంది. కానీ 10 అంటే దానికి అట్టడుగు. ఏ రెంచ్‌నైనా గరిష్ఠంలో అయిదో వంతు కంటే పైన వాడితేనే నాకు నమ్మకం.

కొలతల_మనిషి: నేను క్యాలిబ్రేషన్, అంటే కొలత పరికరాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో సరిచూసే పనిలో ఉన్నాను. బ్రాండ్ పేరు కన్నా ముందు డబ్బాలో సర్టిఫికెట్ ఉందో లేదో, దాని మీది సీరియల్ నంబరు రెంచ్ మీది నంబరుతో కలుస్తుందో లేదో చూడండి. టార్క్ రెంచ్‌ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6789 ప్రకారం క్లిక్ టైపుకు 10 న్యూటన్ మీటర్ల దాకా ఉన్నవాటికి 6 శాతం, ఆ పైవాటికి 4 శాతం తేడా ఒప్పుకుంటారు. ఏడాదికోసారి, లేదా 5000 క్లిక్కులకోసారి మళ్లీ చెక్ చేయించాలి. ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో చేయించండి. ఆ ఖర్చు వద్దనుకుంటే సూది ఉన్న బీమ్ టైపు చూడండి. లోపల స్ప్రింగ్ సెట్టింగ్ ఉండదు, సూది సున్నా మీద నిలబడితే చాలావరకు నమ్మొచ్చు. ఇంజన్ కింద ఇరుకులో మాత్రం స్కేలు కనబడక ఇబ్బంది.

పాత_బులెట్: పాత మాన్యువల్స్‌లో కేజీ మీటర్లలో ఇస్తారు. 9.8తో గుణించుకో. 2.5 అని ఉంటే ఇంచుమించు 24.5 న్యూటన్ మీటర్లు. ఇక్కడ తొందరపడొద్దు.

గుంటూరు_బండి: అయితే ముందు 5-25, తర్వాత కారుకు పెద్దది. మరలకు కాస్త ఆయిల్ రాసి బిగించొచ్చా?

ఆటోనగర్_మేస్త్రి: మాన్యువల్ రాయమంటేనే రాయి. మనం పెట్టే బలంలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది. ఆయిల్ తగిలితే ఆ రాపిడి తగ్గి, అదే అంకె దగ్గర బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. చక్రం నట్లకైతే అసలు వద్దు. పిడి మధ్యలో పట్టుకుని నిదానంగా లాగు, టక్ అనగానే ఆపెయ్. నమ్మకం కోసమని రెండోసారి లాగితే ఇంకొంచెం బిగుస్తుంది.

కొలతల_మనిషి: బిగిసిపోయిన నట్టు విప్పడానికి దాన్ని వాడకండి, దానికి మామూలు పానా ఉంది. పని అయ్యాక స్కేలును కనిష్ఠ అంకెకు తెచ్చి డబ్బాలో పెట్టండి. అంతకన్నా కిందకు మాత్రం తిప్పొద్దు.